రాజకార్యం ఇటాలియన్‌లో, జోలపాట లాటిన్‌లో

జొవాన్ని పొంటానో ఏమేం రాశాడని అడిగితే ఇటలీ సాహిత్య చరిత్రలు పొడవాటి జాబితా మన చేతిలో పెడతాయి. ప్రేమ కవితలు, జోలపాటలు, నక్షత్రాల మీద అయిదు ఆశ్వాసాల కావ్యం, నారింజ తోటల పెంపకం మీద ఇంకో కావ్యం, రాజు ఎలా నడుచుకోవాలో చెప్పే నీతిగ్రంథం, హాస్య సంభాషణ మీద ఆరు భాగాల శాస్త్రం, ఒక యుద్ధ చరిత్ర, లాటిన్‌లో హకారం ఎక్కడ పలకాలో తేల్చే వ్యాకరణం, గాడిదను ముద్దు చేసి తన్నులు తిన్న ముసలాయన ప్రహసనం. ఇవన్నీ రాసింది ఒక్కడే. పోనీ తీరుబడి దొరికిన పండితుడా అంటే అదీ కాదు. పదిహేనవ శతాబ్దం రెండో సగంలో నేపుల్స్ రాజ్యంలో యుద్ధాలకు వెళ్లి, సంధులు కుదిర్చి, చివరికి రాజుగారి ప్రధాన కార్యదర్శిగా పనిచేసినవాడు.

ఈ జాబితాను కవిత్వం, శాస్త్రం, రాజనీతి అని మూడు గదుల్లోకి సర్దేయడం వాడుక. అలా సర్దితే మనిషి కనబడడు. పొంటానోను చదవడానికి వేరే దారి ఉంది. ఆయన ఏ పనికి ఏ భాష వాడాడో చూడాలి.

పొంటానో హ్యూమనిస్టు. హ్యూమనిస్టులంటే ప్రాచీన రోమన్, గ్రీకు గ్రంథాలను వెతికి పట్టుకొని, పరిష్కరించి, ఆ నమూనాలో తామూ రాసినవాళ్లు. వాళ్లలో చాలామందికి జీతం వచ్చింది రాజుల కొలువుల్లోనే. లాటిన్ కొలువు భాష, ఇంటి భాష మాత్రం స్థానికం అయి ఉంటుందని మనం ఊహిస్తాం. పొంటానో విషయంలో ఇది దాదాపు తలకిందులు. రాజు తరఫున ఆయన రాసిన దౌత్య లేఖలు, సలహా పత్రాలు చాలావరకు ఇటాలియన్‌లో ఉన్నాయి. అక్కడ పని జరగాలి, అవతలివాడికి వెంటనే అర్థం కావాలి. భార్య మీద బెంగ, ఉయ్యాలలో పిల్లవాడి ఏడుపు, స్నేహితులతో పరాచికాలు, తోటలో అంటుకట్టే పద్ధతి, కూతురి సమాధి మీద వేయించే మాట, ఇవన్నీ లాటిన్‌లో. అంటే లాటిన్ అవసరం లేని చోటే ఆయన లాటిన్ రాశాడు. సంస్కృతంలో తర్కం చెప్పుకొనే పండితుడు ఇంటికొచ్చి సంస్కృతంలోనే ఉయ్యాల ఊపినట్టు. ఎందుకు అన్నదే ఈ వ్యాసంలో నాకు ముఖ్యమైన ప్రశ్న.

ముందు ఆయన బతుకు కొంచెం. పుట్టింది నేపుల్స్‌లో కాదు, మధ్య ఇటలీలోని ఉంబ్రియా కొండల్లో, చెరెటో అనే ఊళ్లో. పుట్టిన ఏడు 1426 అని కొందరు, 1429 అని కొందరు అంటారు. ఊళ్లోని ముఠా కక్షల్లో తండ్రి హతమయ్యాడు. తల్లి పిల్లలతో పెరూజియా చేరింది, చదువు అక్కడే. 1447లో నేపుల్స్‌ను ఏలుతున్న అరగాన్ వంశపు రాజు అల్ఫోన్సో సేనలతో ఉత్తరానికి వచ్చినప్పుడు ఈ కుర్రవాడు ఆయన శిబిరంలో చేరి, మరుసటి ఏడు రాజు వెంట నేపుల్స్‌లో అడుగుపెట్టాడు. ఆ తర్వాత చనిపోయేదాకా అదే ఆయన ఊరు. పొట్ట చేతబట్టుకొని వచ్చినవాడు ఆ నగరానికే పురాణం రాసిపెట్టాడు.

నేపుల్స్‌లో ఆయనకు దొరికిన గురువు అంటోనియో బెక్కాడెల్లి. సిసిలీలోని పలెర్మో మనిషి కావడంతో అందరూ పనోర్మిటా అనేవారు. యౌవనంలో పచ్చి బూతు పద్యాల సంపుటి రాసి, తర్వాత రాజుగారికి ఆంతరంగికుడై, ముసలితనంలో వీధి వసారాలో కూర్చొని దారిన పోయేవాళ్లను పిలిచి కబుర్లాడిన మనిషి. ఆ వసారా చుట్టూ చేరిన మిత్రబృందమే 1471లో ఆయన మరణం తర్వాత పొంటానో చేతికి వచ్చింది. పొంటానో అకాడమీ అనే పేరు అలా స్థిరపడింది. అకాడమీ అనగానే భవనం, సభ్యత్వ పుస్తకం ఊహించుకోవద్దు. రోజూ కలిసే స్నేహితులు, ఒక్కొక్కరికీ ఒక లాటిన్ పేరు, ఎడతెగని వాదన. తర్వాతి తరంలో పెద్ద కవి అయిన సన్నజారో అక్కడ ‘ఆక్టియుస్’, మన పొంటానో ‘యోవియానుస్’.

ఆ వాతావరణం ఎలా ఉండేదో తెలియాలంటే ‘ఆంటోనియుస్’ అనే సంభాషణ చదవాలి. సిసిలీ నుంచి వచ్చిన ఒక అతిథి వసారా దగ్గర ఆగి, ఆంటోనియో ఎక్కడ అని అడుగుతాడు. ఆయన పోయాడని మిత్రులు చెబుతారు. అక్కడి నుంచి ఆయన జ్ఞాపకాలు, వ్యాకరణ పండితుల మీద విసుర్లు, దారిన పోయేవాళ్ల జోక్యాలు, వీధి గాయకుడి పాట. ఎట్నా అగ్నిపర్వతాన్ని రోమన్ మహాకవి వర్జిల్ వర్ణించిన తీరు గ్రీకు కవి పిండార్ వర్ణన ముందు తేలిపోతుందని పూర్వం ఒక విమర్శ ఉండేది. మిత్రులు దాన్ని పట్టుకొని వర్జిల్ పక్షాన వకాల్తా పుచ్చుకుంటారు. ఒక కవి వర్ణన గురించి ఇంత వేడిగా వాదించుకుంటున్న చోట, అవతల గాడిదలూ బళ్లూ పోతూనే ఉంటాయి. పాండిత్యం వీధిలోకి వచ్చి కూర్చోవడమే ఈ సంభాషణలోని అందం. ‘ఆక్టియుస్’ అనే మరో సంభాషణలో వర్జిల్ పాదాల నాదాన్ని చెవితో పరీక్షిస్తూ, పక్కపక్క మాటలు ఒకే అక్షరంతో మొదలవడాన్ని ఏమనాలో తోచక కొత్త పేరు పెట్టాడు: అల్లిటెరాటియో. ఈనాడు యూరప్ భాషలన్నీ అనుప్రాసకు వాడే మాట ఆయన వేసిందే.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. పొంటానో 1461లో అడ్రియానా సస్సోనేను పెళ్లి చేసుకున్నాడు. ఆమె మీద మూడు భాగాల కవితా సంపుటి రాశాడు, పేరు ‘దాంపత్య ప్రేమ’. పేరు మామూలుగా వినిపిస్తుంది కానీ లాటిన్ సంప్రదాయంలో ఇది చిన్న తిరుగుబాటే. రోమన్ ప్రేమకవులు ప్రొపెర్టియుస్, టిబుల్లుస్, ఒవిడ్ వాడిన ద్విపదల్లో నాయిక ఎవరో ఒక పరకీయ, లేదా వేశ్య. ప్రేమ అంటే మూసిన తలుపు బయట పడిగాపులు. అదే ఛందస్సును, అదే పదజాలాన్ని తీసుకొని పొంటానో ఇంటి ఇల్లాలికి కట్టబెట్టాడు. అడ్డం వచ్చేది ఇప్పుడు అసూయపడే మగడు కాదు, ఉద్యోగం. రాజు యుద్ధానికి వెళితే కార్యదర్శి వెళ్లాలి. గుడారంలో పడుకొని ఇంటిని తలుచుకోవడం ఈ పద్యాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆ సంపుటిలోనే కొడుకు లూచియో కోసం రాసిన పన్నెండు జోలపాటలున్నాయి. మొదటి పాట ఇలా మొదలవుతుంది:

సోమ్నె, వెనీ; తిబి లూకియోలుస్ బ్లాండీతుర్ ఒకెల్లీస్:
సోమ్నె, వెనీ, వెనియాస్, బ్లాండులె సోమ్నె, వెనీ.

నిద్రా, రా, లూచియో బుజ్జిగాడు చిట్టి కళ్లతో నిన్ను బుజ్జగిస్తున్నాడు, నిద్రా రా, రావమ్మా, బుజ్జి నిద్రా, రా. స్థూలంగా భావం ఇది. లాటిన్ రానివారు కూడా పైకి చదివితే సంగతి చెవికి తెలుస్తుంది. రెండో పాదంలో ‘వెనీ’ రెండుసార్లు, మధ్యలో ‘వెనియాస్’. ఉయ్యాల ఒక పక్కకు వెళ్లి మళ్లీ వచ్చినట్టు ఆ పాదం పాటలో పల్లవిగా తిరిగి వస్తుంది. ‘లూకియోలుస్’, ‘ఒకెల్లీస్’, ‘బ్లాండులె’ అన్నీ ముద్దు చేసి కుదించిన రూపాలు. ఇలాంటి రూపాలు కటుల్లుస్, ప్లౌటుస్ వంటి ప్రాచీనుల్లో ఉన్నవే. పొంటానో వాటిని పిడికెళ్లతో చల్లాడు, లేనివాటిని తనే కల్పించాడు. ఇంకో పాటలో పాతాళ దేవత ఓర్కస్ వస్తాడు. వర్జిల్ దగ్గర ఆ పేరు వింటే గుండె ఝల్లుమనాలి. ఇక్కడ ఆయన నల్లరెక్కలేసుకొని చీకట్లో ఎగురుతూ ఏడ్చే పిల్లల కోసం వెతికే బూచాడు. రోమన్ వక్త సిసిరో గద్యాన్ని, ఆరు గణాల పాదమైన వర్జిల్ హెక్సామీటర్‌ను కాచి వడబోసిన మనిషి మాత్రమే ఆ బరువైన సామగ్రిని ఇంత తేలిగ్గా ఉయ్యాల పక్కన పెట్టగలడు. నా దృష్టిలో ఆయన గొప్ప రచన ఇదే. అయిదు ఆశ్వాసాల ‘ఊరానియా’ను మెచ్చుకొనే విమర్శకులు ఒప్పుకోకపోవచ్చు.

వేసిన ప్రశ్నకు జవాబు కొంత ఇక్కడే దొరుకుతుంది. పదిహేనవ శతాబ్దపు మేధావికి లాటిన్ కేవలం గొప్పతనపు గుర్తు కాదు, కాలాన్ని దాటించే వాహనం. ఇటాలియన్‌కు అప్పటికి ఒక స్థిరమైన ప్రామాణిక రూపం లేదు. నేపుల్స్ మాట ఫ్లోరెన్స్‌లో నవ్వుల పాలయ్యేది. లాటిన్‌లో రాస్తే హంగరీలోనూ చదువుతారు, అయిదు వందల ఏళ్ల తర్వాతా చదువుతారు అన్నది వాళ్ల నమ్మకం. అందరూ ఆ నమ్మకంతో రాజుల విజయాలను దాచుకుంటుంటే పొంటానో తన పిల్లవాడి ఏడుపును దాచుకున్నాడు. లాటిన్ చచ్చిన భాష అనుకుంటే ఈ పని చేయడు. అది ఇంకా పెరగగలదని, కొత్త మాటలు పుట్టించగలదని నమ్మాడు కాబట్టి చేశాడు. సిసిరో వాడని మాట వాడకూడదని పట్టుబట్టేవాళ్లు ఆ రోజుల్లో బోలెడుమంది. పొంటానో ఆ మడి కట్టుకోలేదు.

దుఃఖానికీ అదే భాష. 1490లో అడ్రియానా పోయింది. ఆమె కోసం నేపుల్స్ నడిబొడ్డున, ఇప్పటి వియా దెయి త్రిబునాలి వీధిలో, ఒక చిన్న దీర్ఘచతురస్రపు ప్రార్థనా మందిరం కట్టించాడు. 1492 నాటి ఆ కట్టడం ఈనాటికీ నిలిచి ఉంది. బయటి గోడల మీద ఆయనే రాసిన లాటిన్ నీతివాక్యాలు, లోపల భార్యాబిడ్డల స్మృతి శాసనాలు. లోపల ఇంకో విశేషం కూడా ఉండేది: రోమన్ చరిత్రకారుడు లివీ చెయ్యి ఎముక! పాడువా నగరంలో లివీవని నమ్మిన అస్థికలు బయటపడితే, అందులో ఒక ఎముకను రాజు అల్ఫోన్సో కోసం పనోర్మిటా అడిగి తెచ్చాడు. అది చివరికి పొంటానో చేతికి వచ్చి, శాసనంతో సహా మందిరంలో చేరింది. నిజంగా లివీదో కాదో ఎవరికీ పట్టింపు లేదు. సాధుసంతుల ఎముకలకు మొక్కే ఊళ్లో ఒక చరిత్రకారుడి ఎముకను భార్య సమాధి దగ్గర పెట్టుకున్నాడంటే ఆ తరానికి పుస్తకాల మీద ఎంత భక్తో తెలుస్తుంది. 1498లో కొడుకు లూచియో కూడా పోయాడు. జోలపాటలు పాడించుకున్న ఆ కొడుకు కోసం రాసిన ‘ఇయాంబిచి’ పద్యాలకు, పూర్వం తిట్టు కవిత్వానికి వాడిన ఛందస్సును ఎన్నుకున్నాడు.

ప్రకృతి కావ్యాల్లో ‘ఊరానియా’ నక్షత్రాల గురించి, జ్యోతిషం గురించి. గ్రహాల ప్రభావం మీద ఆయనకు గట్టి నమ్మకం. జ్యోతిషాన్ని ఖండించిన తత్వవేత్త పీకో దెల్లా మిరాందొలాకు గద్యంలో జవాబు కూడా చెప్పాడు. అందులోని శాస్త్రం ఇవాళ మనకు అక్కరకు రాదు, దాటేద్దాం. ఆగవలసింది ‘హెస్పెరిడుల తోటలు’ దగ్గర. హెస్పెరిడులంటే గ్రీకు పురాణాల్లో బంగారు పండ్ల తోటను కాచే కన్యలు. వ్యవసాయం మీద కావ్యం రాస్తూ వర్జిల్, తోటల గురించి చెప్పడానికి తనకు వ్యవధి లేదు, నా తర్వాతివారు చెబుతారులే అని వదిలేశాడు. పదిహేను వందల ఏళ్ల తర్వాత పొంటానో ఆ ఖాళీని నింపాడు. రోమన్ల తోటల్లో లేని నారింజను నాయకుణ్ని చేశాడు. ప్రియుడు అడోనిస్ మరణానికి ఏడ్చిన వీనస్ అతని దేహాన్ని నారింజ చెట్టుగా మార్చింది, అందుకే ఆ ఆకు ఎప్పుడూ పచ్చన, ఆ పువ్వు ఎప్పుడూ తెల్లన. ఈ కథ పక్కనే చలిగాలి నుంచి మొక్కను ఎలా కాపాడాలో, ఎప్పుడు కొమ్మ కత్తిరించాలో, ఎలా అంటుకట్టాలో నిజమైన తోటమాలి మాటలు. ఆంటిన్యానో కొండ మీద ఆయనకు సొంత తోట ఉండేది, మట్టి చేతికి అంటినవాడే. అక్కడ తనతో పాటు తిరిగిన భార్యను మధ్యలో తలుచుకుంటాడు. కావ్యాన్ని అంకితం ఇచ్చింది మంటువా ప్రభువు ఫ్రాంచెస్కో గొంజాగాకు. మంటువా వర్జిల్ సొంత ఊరు. బాకీ తీర్చినవాడు రసీదు ఎక్కడికి పంపాలో తెలిసే పంపాడు.

‘లెపిదీనా’ది ఇంకో సరదా. నేపుల్స్ పక్కన పారే సెబేటో అనే చిన్న వాగుకూ, నగరానికి మూలమైన పార్థెనోపె అనే సైరన్‌కూ (పాటతో నావికులను ఆకర్షించే పురాణ కన్య) పెళ్లి. చుట్టుపక్కల పల్లెలు, కొండలు, తీరాలు మనుషుల రూపమెత్తి ఏడు ఊరేగింపులుగా కానుకలు పట్టుకొని వస్తాయి. చూస్తూ వ్యాఖ్యానించేది మక్రోన్, లెపిదీనా అనే రైతు దంపతులు. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి తన ఊరికి ఇలా స్థలపురాణం కట్టాడు.

ఇక రాజనీతి. చిక్కుముడి బిగుసుకొనేది ఇక్కడే. మొదటి అల్ఫోన్సో మనవడు, అదే పేరున్న యువరాజు అల్ఫోన్సోకు చదువు చెప్పిన రోజుల్లో పొంటానో ‘రాజు గురించి’ అనే చిన్న గ్రంథం రాశాడు. న్యాయం, దైవభక్తి, నిగ్రహం సరే. రాజు ఎలా మాట్లాడాలి, ఎలా నడవాలి, ఏ బట్టలు కట్టాలి అన్న దానికీ అంతే శ్రద్ధ. రాజసం చూసేవాళ్ల కళ్లలో తయారవుతుందని ఆయనకు తెలుసు. తర్వాత విధేయత మీద, ధైర్యం మీద గ్రంథాలు, 1498లో దాతృత్వం, పరోపకారం, వైభవం, శోభ, విందు మర్యాదల మీద అయిదు చిన్న పుస్తకాలు. డబ్బున్నవాడు దాన్ని ఎలా ఖర్చు చేస్తే గౌరవంగా ఉంటుంది అన్నది ఈ అయిదింటి సారం. ఏ భవనం కట్టాలి, భోజనాల బల్ల మీద ఏ పాత్రలుండాలి వంటి సంగతులు ఉండటంతో ఆ కాలపు వాస్తుకళ పరిశోధకులు వీటిని వదలరు.

పుస్తకాల్లో ఇంత నిగ్రహం బోధించిన మనిషి పనిచేసిన రాజు ఫెరాంటే, ఆ యువరాజు తండ్రి. 1485లో జమీందార్లు తిరగబడ్డారు, పోప్ ఎనిమిదవ ఇన్నోసెంట్ వాళ్ల పక్షాన నిలిచాడు. 1486 ఆగస్టులో పోప్‌తో సంధి కుదిర్చిన వాళ్లలో పొంటానో ముఖ్యుడు. సిరా ఆరకముందే ఫెరాంటే పెళ్లి వేడుక పేరుతో తిరుగుబాటుదారులను కోటలోకి పిలిచి బంధించాడు. పట్టుబడ్డ వారిలో రాజుగారి ప్రధాన కార్యదర్శి ఆంటోనెల్లో పెట్రూచి కూడా ఉన్నాడు. మరుసటి ఏడు అతనికి మరణశిక్ష. ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చున్నది పొంటానో.

‘గాడిద’ అనే సంభాషణ ఆ సంధి వార్తతోనే మొదలవుతుంది. శాంతి వచ్చింది, జనం సంతోషంగా ఉన్నారు, ఆ శాంతి తెచ్చిన పొంటానో మాత్రం పిచ్చెక్కినట్టు ఒక గాడిద మీద మోజు పడ్డాడు. దానికి మేలైన జీను, అలంకారాలు, స్వయంగా స్నానం. గాడిద తంతుంది, కొరుకుతుంది. గాడిద తల కడిగితే సబ్బు దండగ అన్న సామెత ఇటలీ వాళ్లకు తెలిసిందే. ఇక్కడ గాడిద యువరాజు అల్ఫోన్సో అని చాలాకాలంగా ఒక వ్యాఖ్యానం ఉంది: సేవకు తగిన ప్రతిఫలం ఇవ్వని శిష్యుడు. అంత నేరుగా ముడి పెట్టనక్కర్లేదని నాకనిపిస్తుంది. అందులో ఎక్కువ నవ్వులపాలయ్యేది గాడిద కాదు, గాడిదను కడుగుతున్న ముసలాయన. కొలువులో ముప్పై ఏళ్లు పైబడిన మనిషి తన ఆశను తానే బయట పెట్టుకొని నవ్వుకుంటున్నాడు.

తర్వాత 1495 వచ్చింది. ఫ్రాన్స్ రాజు ఎనిమిదవ చార్లెస్ ఆల్ప్స్ దాటి, దాదాపు అడ్డు లేకుండా ఇటలీ పొడవునా నడిచి ఫిబ్రవరిలో నేపుల్స్‌లో ప్రవేశించాడు. ఫెరాంటే తర్వాత రాజైన అల్ఫోన్సో అంతకుముందే సింహాసనం కొడుక్కి వదిలి పారిపోయాడు. పొంటానో నగరంలోనే ఉన్నాడు, కొత్త ప్రభువుకు తలవంచాడు. చార్లెస్ పట్టాభిషేక సందర్భంలో నగరం తరఫున ప్రసంగిస్తూ, తనను పెంచిన అరగాన్ రాజులను తూలనాడాడని చరిత్రకారుడు గుయిచ్చార్దీని రాశాడు. నీతుల మీద అంత గొప్పగా రాసినవాడికి కూడా ఆ నీతులను తన విషయంలో పాటించడం ఎంత కష్టమో చూడండి అని చురక కూడా పెట్టాడు. ఆ ఒక్క వాక్యం పొంటానో పేరును ఇప్పటికీ వదలలేదు. ఆ సంఘటన నాటికి గుయిచ్చార్దీని ఫ్లోరెన్స్‌లో పన్నెండేళ్ల పిల్లవాడు. రాసింది నాలుగు దశాబ్దాల తర్వాత. అలాగని కొట్టిపారేయలేం. నెలల్లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి అరగాన్ వంశం తిరిగి వచ్చినప్పుడు పొంటానోకు ఉద్యోగం పోయింది. అంతకుమించి శిక్ష పడలేదన్నది కూడా గమనించాలి. ఫెరాంటే హయాంలో ద్రోహులకు ఏమయ్యేదో పెట్రూచిని చూశాం.

సాహిత్యం వైపు నుంచి చూస్తే ఆ ఉద్వాసన మనకు లాభమే. 1495 నుంచి 1503 సెప్టెంబరులో మరణించేదాకా ఆయన కూర్చొని రాశాడు, పాతవి దిద్దాడు. హాస్య సంభాషణ మీద ‘దె సెర్మోనె’ డెబ్బై దాటిన వయసులో రాసింది. ఏ మాట చమత్కారం, ఏ మాట మోటు, ఎక్కడ ఆపాలి అన్నవి అరిస్టాటిల్ దారిలో విడమరుస్తూ, మధ్యలో నేపుల్స్ వీధుల్లో విన్న జోకులు గుప్పిస్తాడు. కొలువులో నాలుక అదుపు మీదే ప్రాణం నిలుపుకున్నవాడు మాటను గురించి రాస్తున్నాడని గుర్తుపెట్టుకొని చదివితే ఆ పుస్తకం రుచి వేరు. అదృష్టం మీద రాసిన గ్రంథాన్ని స్పెయిన్ సేనాని గొంజాలో దె కోర్దొబాకు అంకితమిచ్చాడు. అప్పటికి నేపుల్స్ భవిష్యత్తు స్పెయిన్ చేతుల్లోకి జారుతోంది. ముసలి రాజనీతిజ్ఞుడికి గాలి వాటం ఇంకా తెలుస్తూనే ఉంది.

ఆయన జీవించి ఉండగా అచ్చయినవి కొద్దే. మిగతావి నిలిచాయంటే శిష్యుడు పియెత్రో సుమ్మోంతె నేపుల్స్‌లో ఒక్కొక్కటే పరిష్కరించి అచ్చు వేయించడం వల్ల, 1505లో వెనిస్ ముద్రాపకుడు అల్డుస్ మనుతియుస్ ‘ఊరానియా’, తోటల కావ్యం, ‘లెపిదీనా’ వగైరాలను చేతిలో పట్టే చిన్న పుస్తకంగా తేవడం వల్ల. ఒక తరంపాటు యూరపంతా చదివింది. తర్వాత మొగ్గు మారింది. ఇటాలియన్‌కు ప్రామాణిక రూపం కుదిరింది. ఆయన మిత్రుడు సన్నజారో ఇటాలియన్‌లో రాసిన ‘ఆర్కాడియా’ పాఠ్యగ్రంథమైంది, పొంటానో గ్రంథాలయాల్లో ఉండిపోయాడు. శాశ్వతమని నమ్మి ఎన్నుకున్న భాషే పాఠకులను దూరం చేసింది.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. హార్వర్డ్ వాళ్ల ఐ టాటి గ్రంథమాలలో లాటిన్ ఒక పుట, ఎదురుగా ఇంగ్లిష్ అనువాదం ఒక పుటగా 2006లో ‘బైయా’ కవితలు వచ్చాయి. నేపుల్స్ దగ్గరి వేడినీటి ఊటల ఊళ్లో మిత్రులతో గడిపిన రోజుల మీద పదకొండు అక్షరాల పాదాల్లో రాసిన శృంగార కవితలవి. తర్వాత సంభాషణలు, దాంపత్య ప్రేమ కవితలు, తోటల కావ్యం, హాస్య గ్రంథం ఒక్కొక్కటే చేరాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ‘రాజు గురించి’తో మొదలుపెట్టవద్దు, అది చదివి ఇంకో నీతిశాస్త్రమే కదా అని పక్కన పడేసే ప్రమాదం ఉంది. ముందు జోలపాటలు, తర్వాత ‘ఆంటోనియుస్’, ఆ పైన ‘గాడిద’. ఈ మూడూ అయ్యాక రాజనీతి గ్రంథాలు తెరిస్తే, ఆ గంభీర వాక్యాల వెనక ఎవరు కూర్చొని రాస్తున్నారో తెలిసి ఉంటుంది.